అరకు కాఫీ పొడి, మన ఇంటి ఫిల్టర్: డికాషన్ చిక్కగా దిగాలంటే

అరకు వెళ్ళొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక కాఫీ పొడి ప్యాకెట్ ఉంటుంది. విశాఖపట్నంలో ఇది మామూలే. సెలవు రోజు పొద్దున్నే కిరండూల్ రైలెక్కుతాం, బొర్రా గుహలు చూస్తాం, తిరిగొచ్చేటప్పుడు మిరియాలూ కాఫీ పొడీ పట్టుకొస్తాం. నాలుగు రోజులు గడిచాక నాకు ఫోను వస్తుంది. "అక్కా, అరకు కాఫీకి అంత పేరుంది కదా, మా ఇంట్లో నీళ్ళలా వస్తోందేంటి?" అని ఒకరు. "పిన్నీ, రాత్రి పోసిన నీళ్ళు పొద్దున దాకా పైనే నిలబడి ఉన్నాయి, చుక్క దిగలేదు" అని ఇంకొకరు. చుట్టాలు, అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు, మా అమ్మాయి స్నేహితులు, ఎవరు అడిగినా ఈ రెండింటిలో ఒకటే అడుగుతారు.

అందుకని మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను. పొడిలో దోషం ఉండటం తక్కువ. చికోరీ కలిపిన పొడికి అలవాటైన చేత్తోనే అరకు పొడినీ వేస్తున్నాం, చిక్కంతా అక్కడే వస్తోంది. చికోరీ పొడికి కొలత వేరు, నొక్కడం వేరు. వట్టి కాఫీకి వేరు. ఈ తేడా చేతికి తెలిసిందంటే రెండు ప్రశ్నలకూ జవాబు దొరికినట్టే.

ముందు పొడి సంగతి

మన జిల్లాకు పైన, పాడేరు, చింతపల్లి, అనంతగిరి, అరకు కొండల్లో పండేది ఎక్కువగా అరబికా రకం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం తీగలు. చిన్న చిన్న తోటలు, గిరిజన రైతులవి. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 నుంచి మన ఊళ్ళోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థ, అదే మనం జీసీసీ అనేది, ఆ రైతుల దగ్గర కాఫీ కొని పొడి చేసి అమ్ముతుంది. ఇంత దగ్గర్లో పండే కాఫీని సరిగ్గా తాగలేకపోతున్నామంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అరబికాకు వాసన బాగుంటుంది, చేదు తక్కువ, నాలుక చివర సన్నటి పులుపు తగులుతుంది. రోబస్టా అనే ఇంకో కాఫీ రకానికి చేదు ఎక్కువ, పాలలో కలిసినా రుచి నిలబడుతుంది. చికోరీ కాఫీయే కాదు. అది ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. రంగు, చిక్కదనం, కాస్త తీపి కలిసిన చేదు ఇస్తుంది. మనం చిన్నప్పటి నుంచి "స్ట్రాంగ్ కాఫీ" అనుకున్న దాంట్లో సగం పేరు చికోరీది. అందుకే వట్టి అరబికా తాగిన మొదటి రోజు "ఏదో తక్కువైంది" అనిపిస్తుంది.

మరి ఏది కొనాలి? నేను చెప్పేది ఇలా ఉంటుంది.

ఇన్నాళ్ళూ చికోరీ కాఫీ తాగి, ఇప్పుడిప్పుడే మారదాం అనుకుంటే కాఫీ 80, చికోరీ 20 పాళ్ళలో ఉన్నది తీసుకోండి. రెండు నెలల తర్వాత 90:10కి వెళ్ళండి. ఒక్కసారిగా చికోరీ మానేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు, మా అత్తగారు ఒప్పుకోలేదు. చికోరీ అసలు వద్దనుకుంటే మూడు వంతులు అరకు అరబికా, ఒక వంతు రోబస్టా కలిపించుకోండి. మా ఇంట్లో ఏళ్ళుగా ఇదే. వట్టి అరబికా తాగాలనుకునేవాళ్ళు గింజల వేపుడు కాస్త ముదురుగా ఉన్నది చూసి తీసుకోవాలి. లేత వేపుడు పాలు లేకుండా తాగేవాళ్ళకు బాగుంటుంది, పాలు పోస్తే తేలిపోతుంది.

ప్యాకెట్ మీద చూడాల్సినవి: మొదట అది ఫిల్టర్ పొడా, ఇన్‌స్టంటా. అరకు నుంచి ఇన్‌స్టంట్ తెచ్చుకుని ఫిల్టర్‌లో వేసినవాళ్ళు నాకు తెలుసు, అది మొత్తం కరిగి కిందికి వచ్చేస్తుంది. రెండోది చికోరీ శాతం. మిశ్రమం అయితే ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలని నియమం ఉంది, అందులో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. దాదాపు సగం, అంటే 49 శాతం దాకా చికోరీ ఉన్న ప్యాకెట్లు కూడా నియమం ప్రకారం సరైనవే కాబట్టి ఆ అంకె మీరే వెతికి చూసుకోవాలి. మూడోది తేదీ. ఒకసారి ఘాట్ రోడ్డు పక్కన ఒక చిన్న కొట్లో అందమైన గుడ్డ సంచిలో పొడి కొన్నాను. తేదీ లేదు, అడగనూ లేదు. ఇంటికొచ్చి విప్పితే కాఫీ వాసనే లేదు, పాత అట్టపెట్టె వాసన. నాలుగు వందల రూపాయలు పోయాయి. అప్పటి నుంచి తేదీ లేని సంచి ముట్టుకోను.

చికోరీ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. గాజు గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి పైన ఒక చెంచా పొడి చల్లండి, కలపకండి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ వెంటనే కిందికి దిగుతూ గోధుమ రంగు చారలు వదులుతుంది. "వట్టి కాఫీ" అని అమ్మిన పొడిలో ఆ చారలు కనిపిస్తే కొట్టు మార్చండి.

మర ఎలా పట్టించాలి

చిక్కదనం సగం ఇక్కడే తేలిపోతుంది. గింజలు కొని కళ్ళ ముందు మర పట్టించుకునే కొట్టు దగ్గర్లో ఉంటే అంతకన్నా మంచిది లేదు. "ఫిల్టర్‌కి" అని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే కొందరు బరకగా ఆడేస్తారు. వేళ్ళ మధ్య రుద్ది చూడండి. మెత్తటి ఉప్పు కన్నా కాస్త సన్నగా తగలాలి, మైదాలా జారిపోకూడదు. బొంబాయి రవ్వలా గరుకుగా ఉంటే నీళ్ళు ఆగకుండా దిగిపోతాయి, డికాషన్ పలచన. మైదాలా ఉంటే చిల్లులు మూసుకుపోతాయి, డికాషన్ దిగదు.

ఇంట్లో మిక్సీలో వేసుకునేవాళ్ళు 40 గ్రాములకు మించకుండా గింజలు వేసి, అయిదు సెకన్లు తిప్పి ఆపి, జార్ ఒకసారి కదిపి మళ్ళీ తిప్పండి. ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి వాసన అక్కడే పోతుంది. తర్వాత టీ వడకట్టే జల్లెడలో జల్లించి, పైన మిగిలిన బరకను మళ్ళీ వేయండి.

పొడి ఎక్కువ కొనకండి. మన సముద్రపు గాలిలో తేమ సంగతి తెలిసిందే, ఉప్పు డబ్బాలో ఉప్పే నీరుకారుతుంది. మర పట్టించిన పొడి 15 రోజుల్లో అయిపోయేంతే తెచ్చుకోండి. ఇద్దరు తాగే ఇంటికి రోజుకొకసారైతే 400 గ్రాములు సరిపోతుంది, అందులోనూ 200 చొప్పున రెండుసార్లు తెస్తే ఇంకా మంచిది. గాలి చొరబడని స్టీలు డబ్బా, పొయ్యికి దూరంగా. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తూ పెడుతూ ఉంటే డబ్బా లోపల చెమ్మ పట్టి పొడి ఉండలు కడుతుంది. అది నేను వద్దంటాను. తడి చెంచా అసలు ముట్టించకండి.

కావలసినవి

- స్టీలు ఫిల్టర్, ఇద్దరికైతే చిన్నది
- కాఫీ పొడి: చికోరీ కలిసినదైతే 3 టేబుల్ స్పూన్లు గుండ్రంగా నిండుగా (సుమారు 22 గ్రాములు), వట్టి కాఫీ అయితే 4 (సుమారు 30 గ్రాములు)
- నీళ్ళు: 150 మిల్లీలీటర్లు
- చిక్కటి పాలు: కప్పుకు 100 మిల్లీలీటర్లు
- పంచదార, ఇష్టం ఉన్నంత
- డబరా, గ్లాసు

ఫిల్టర్ సైజు గురించి ఒక మాట. పొడి వేసి నొక్కాక పై గిన్నెలో మూడో వంతైనా నిండాలి. పది మందికి సరిపోయే ఫిల్టర్‌లో ఇద్దరికి పొడి వేస్తే అడుగున పలచటి పొర అవుతుంది, నీళ్ళు ఆ పొరను దాటుకుని క్షణంలో దిగిపోతాయి. పెళ్ళికి కానుకగా వచ్చిన పెద్ద ఫిల్టర్‌ని రోజూ వాడేవాళ్ళకు డికాషన్ పలచగా రావడానికి చాలాసార్లు ఇదే కారణం. చిన్నది కొనుక్కోండి.

కొనేటప్పుడు పై గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. చిల్లులు సన్నగా, అన్నీ ఒకే తీరుగా, అంచుల దాకా ఉండాలి. కాడ ఉన్న చిల్లుల బిళ్ళ లోపల వంకర పోకుండా సమంగా దిగాలి. ఇత్తడి ఫిల్టర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వేడి కూడా నిలుపుతుంది. కానీ లోపల కళాయి పూత ఉంటేనే కొనండి, పూత పోయాక మళ్ళీ కళాయి పెట్టించకుండా వాడకండి. రోజువారీకి స్టీలు చాలు.

నీళ్ళు: బోరు నీళ్ళు ఉప్పగా ఉండే వీధుల్లో ఆ నీళ్ళతో కాఫీ పెట్టొద్దు. ఏ పొడి వేసినా రుచి చెడుతుంది. తాగే నీళ్ళే వాడండి. కుళాయి నీళ్ళు మందు వాసన వస్తుంటే రాత్రి గిన్నెలో పట్టి మూత తీసి ఉంచితే ఆ వాసన చాలా వరకు పోతుంది.

ఎలా చేయాలి

1. పై గిన్నె, బిళ్ళ పూర్తిగా పొడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. తడి గిన్నెలో పొడి వేస్తే అడుగు చిల్లుల్లో ముద్దగా అతుక్కుంటుంది. కింద గిన్నెలో మాత్రం కాసిని వేడి నీళ్ళు తిప్పి పారబోస్తే మంచిది, డికాషన్ త్వరగా చల్లారదు.

2. నీళ్ళు పొయ్యి మీద పెట్టండి. కొలిచి పెట్టండి, కంటి అంచనా వద్దు. కళపెళ మరిగాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగండి. మరుగుతున్న నీళ్ళు అలాగే పోస్తే చేదు పైకి వస్తుంది. మరీ చల్లారితే పులుపు తప్ప ఏమీ దిగదు. లేత వేపుడు పొడి అయితే ఈ అర నిమిషం కూడా ఆగక్కర్లేదు.

3. పై గిన్నెలో పొడి వేసి, గిన్నెను బల్ల మీద రెండుసార్లు మెల్లగా తట్టి సమం చేయండి. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం ఉంటే నీళ్ళు పల్లం దారే పడతాయి.

4. ఇప్పుడు నొక్కడం. తప్పులన్నీ జరిగేది ఈ చోటే. చికోరీ ఉన్న పొడిని నొక్కకండి. బిళ్ళను పైన ఊరికే ఆనించండి, దాని బరువు చాలు. చికోరీ తడవగానే ఉబ్బి జిగురుగా అవుతుంది, అదే నీళ్ళను ఆపుతుంది. మీరు కూడా నొక్కితే ఇక చుక్క దిగదు. వట్టి కాఫీని నొక్కాలి. బిళ్ళను పెట్టి, రెండు వేళ్ళతో ఇడ్లీ ఉడికిందో లేదో చూసేటప్పుడు నొక్కే దానికన్నా కాస్త గట్టిగా, ఒక్కసారి నొక్కి వదిలేయండి. నొక్కకపోతే నీళ్ళు పొడి మధ్య నుంచి జారిపోయి పలచగా వస్తుంది.

5. బిళ్ళ మీద నుంచి మూడు టేబుల్ స్పూన్ల వేడి నీళ్ళు చుట్టూ పోయండి. పొడి మొత్తం తడవాలి, అంతే. ముప్పై నుంచి నలభై సెకన్లు ఆగండి. తాజా పొడి అయితే చిన్న బుడగలు వస్తాయి, కమ్మటి వాసన లేస్తుంది. ఏమీ రాకపోతే పొడి పాతదని గుర్తు.

6. మిగిలిన నీళ్ళు మధ్యలో కుమ్మరించకుండా గుండ్రంగా, నెమ్మదిగా పోయండి. మూత పెట్టండి.

7. ఇక ముట్టుకోకండి. కలపడం, ఊపడం, మాటిమాటికీ మూత తీయడం వద్దు. వట్టి కాఫీకి 15 నుంచి 20 నిమిషాలు, చికోరీ పొడికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈ లోపు పాలు సంగతి చూడండి.

8. పాలు ప్యాకెట్‌వైతే ఫుల్ క్రీమ్ తీసుకోండి, నీళ్ళు కలపకండి. ఒకసారి పొంగు రానిచ్చి, మంట తగ్గించి రెండు నిమిషాలు ఉంచండి. పొద్దున కాచిన పాలే సాయంత్రానికి నాలుగోసారి మరిగిస్తే కాచిన వాసన కాఫీని మింగేస్తుంది. కాఫీకి కావలసినంత విడిగా కాచుకోండి. మీగడ కడితే తీసేయండి.

9. గ్లాసులో ముందు పంచదార, దాని మీద డికాషన్, ఆ పైన వేడి వేడి పాలు. చికోరీ డికాషన్ అయితే 35 మిల్లీలీటర్లకు 100 పాలు. వట్టి అరకు కాఫీ అయితే 45కు 85 పాలు. అంటే డికాషన్ పెంచి పాలు తగ్గించాలి. అరకు పొడి "నీళ్ళలా" ఉందనేవాళ్ళలో ఎక్కువమంది పాత కొలతతోనే పాలు పోస్తుంటారు.

10. డబరాలోకి ఒకసారి, గ్లాసులోకి ఒకసారి, ఎత్తు నుంచి పోస్తూ రెండు మూడుసార్లు తిరగబోయండి. నురగ వస్తుంది, పంచదార కలుస్తుంది, నాలుక కాలని వేడికి దిగుతుంది. అంతకు మించి తిప్పితే చల్లారిపోతుంది.

డికాషన్‌ని పొయ్యి మీద పెట్టి మరిగించొద్దు. చల్లారితే ఆ గిన్నెనే వేడి నీళ్ళ గిన్నెలో రెండు నిమిషాలు నిలబెట్టండి. మరిగించిన డికాషన్ కషాయమే అవుతుంది, ఎంత మంచి పొడి అయినా.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

నీళ్ళు పోసిన రెండు నిమిషాలకు చెవి పెట్టి వినండి. కింద గిన్నెలో టప్ టప్ మని చుక్కలు విడివిడిగా పడుతున్న చప్పుడు రావాలి. ధారలా చప్పుడు వస్తే పలచగా దిగిపోతోంది. ఏ చప్పుడూ లేకపోతే ఆగిపోయింది.

మొత్తం దిగాక కొలవండి. 150 పోస్తే 90 నుంచి 105 దాకా రావాలి, మిగతా నీళ్ళు పిప్పి పీల్చుకుంటుంది. చెంచా డికాషన్‌లో ముంచి తీయండి. చెంచా మీద గోధుమ రంగు పొర ఒక క్షణం నిలబడాలి. తెల్లటి ప్లేటు మీద ఒక చుక్క వేస్తే మధ్యలో నల్లగా, అంచున ఎర్రగా కనిపించాలి. టీ రంగులో ఉంటే కుదరలేదు.

పాలు కలిపాక రంగు చూడండి. చికోరీ కాఫీ ముదురు గోధుమ రంగులో ఉంటుంది. వట్టి అరకు కాఫీ కాస్త ఎర్రగా, ఇటుక పొడి రంగులో ఉంటుంది. రంగు తేలికగా ఉందని ఇంకా ఇంకా డికాషన్ పోయకండి, ముందు ఒక గుటక తాగి చూడండి. అరబికా సంగతి రంగులో తెలియదు, నోట్లో తెలుస్తుంది.

డికాషన్ దిగకపోతే

ఈ వరుసలోనే చేయండి. మొదటి రెండింటితోనే చాలాసార్లు దిగుతుంది.

మూత తీసి, పై గిన్నెను ఒక గుడ్డతో పట్టుకుని పావు అంగుళం ఎత్తి, కాస్త తిప్పి మళ్ళీ పెట్టండి. రెండు గిన్నెలూ బిగుసుకుపోతే కింద ఉన్న గాలి బయటికి పోదు, గాలి పోకపోతే డికాషన్ దిగదు. జాగ్రత్త, పైన నిండా వేడి నీళ్ళున్నాయి. పిల్లలు దగ్గర ఉండగా ఈ పని చేయకండి. కొత్త ఫిల్టర్లలో ఈ బిగుసుకోవడం ఎక్కువ.

అప్పటికీ దిగకపోతే చెంచా కాడతో పై గిన్నె పక్కల చుట్టూ మెల్లగా తట్టండి.

ఇంకా దిగకపోతే బిళ్ళను మెల్లగా పైకి లాగి, చెంచాతో పొడి పై పొరను మాత్రం కొద్దిగా గీరండి. అడుగు దాకా కలిపితే మడ్డంతా కిందికి వస్తుంది. పైనుంచి ఊదడం, పిన్నీసుతో కింద చిల్లులు పొడవడం చేయొద్దు. పిన్నీసు చిల్లును పెద్దది చేస్తుంది, ఇక ఆ ఫిల్టర్ ఎప్పుడూ పలచగానే దింపుతుంది.

ఇవన్నీ చేసినా కదలకపోతే పొడి మరీ మెత్తన. ఆ పూటకు ఉన్నదంతా ఒక గిన్నెలోకి వంచి, పలచటి నూలు గుడ్డలో వడకట్టుకోండి. కాఫీ వృథా కాదు. మిగిలిన పొడిని పారేయక్కర్లేదు, దాంట్లో మూడో వంతు బరక పొడి కలిపి వాడేయొచ్చు.

పలచగా వస్తే

అయిదు నిమిషాల్లోపే అంతా దిగిపోయిందంటే పొడి బరకగా ఉంది, లేదా తక్కువైంది, లేదా వట్టి కాఫీని నొక్కలేదు. ఆ పూటకు దిగిన డికాషన్‌ని వేడి నీళ్ళ గిన్నెలో నిలబెట్టి వెచ్చబెట్టి, అదే పొడి మీద మళ్ళీ ఒకసారి పోయండి. కొంత చిక్కబడుతుంది. రెండోసారికి మించి పోస్తే చేదే వస్తుంది.

సెకండ్ డికాషన్ గురించి కూడా అడుగుతారు. మొదటిది దిగాక అదే పొడిలో 60 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పోస్తే ఇంకొంచెం వస్తుంది. దాన్ని మొదటి దాంట్లో కలుపుకుంటే తప్పులేదు, మా అమ్మ అలాగే చేసేది. ఉదయం ఆరు గంటల షిఫ్టుకి వెళ్ళే నాన్నకి మొదటి డికాషన్, పిల్లలం మేం అడిగితే రెండోది. విడిగా తాగితే రుచి ఉండదు, వచ్చిన చుట్టాలకు మాత్రం అది ఇవ్వకండి.

రుచి తేడాగా ఉంటే

పుల్లగా ఉందంటే నీళ్ళ వేడి చాల్లేదు, లేకపోతే వేపుడు లేతది. నీళ్ళు మరిగిన వెంటనే పోసి చూడండి. అప్పటికీ పుల్లగానే ఉంటే ఆ పొడిలో కొంచెం రోబస్టా కలపండి. వట్టి అరబికా డికాషన్ పోస్తే పాలు విరిగాయని కూడా కొందరు అంటారు. పాలు అప్పటికే పాడవడానికి సిద్ధంగా ఉంటే ఆ పులుపు తగలగానే విరుగుతాయి. తాజా పాలలో ఆ భయం లేదు.

చేదు ఎక్కువైతే మాడిన వేపుడు కావచ్చు. గింజల మీద నూనె మెరుస్తూ నల్లగా ఉంటే అదే. పొడి మంచిదే అయినా చేదు వస్తోందంటే ఫిల్టర్ శుభ్రం సంగతి చూడండి, పాత డికాషన్ జిడ్డు ఆ పని చేస్తుంది. అడుగున మడ్డి కొద్దిగా ఉండటం సహజం. డికాషన్ దిగాక అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి, చివరి చెంచాడు వదిలేయండి.

రాత్రే ఫిల్టర్ వేసి పడుకునే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. తెల్లవారే బయల్దేరేవాళ్ళు ఏం చేస్తారు మరి. అలా చేసేటప్పుడు పడుకునే ముందే దిగిన డికాషన్‌ని మూతున్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండాకాలపు రాత్రుల్లో బయట ఉంచితే పొద్దుటికి వాసన పోతుంది. ఫ్రిజ్‌లో అయినా ఒక రోజు దాటనివ్వకండి.

ఫిల్టర్ లేకపోతే

అద్దె గదుల్లో ఉండే పిల్లలు ఇదే అడుగుతారు. ఒక గిన్నెలో 200 మిల్లీలీటర్ల నీళ్ళు మరిగించి, పొయ్యి కట్టేసి, నాలుగు స్పూన్ల పొడి వేసి, ఒక్కసారి కలిపి మూత పెట్టండి. అయిదు నిమిషాల తర్వాత తడిపి పిండిన శుభ్రమైన నూలు గుడ్డలో వడకట్టండి. ఫిల్టర్ అంత చిక్కగా రాదు, వాసన మాత్రం బాగుంటుంది. ఆ గుడ్డను సబ్బుతో ఉతక్కండి, వేడి నీళ్ళలో ఉడికించి ఆరేయండి, ఇంకే పనికీ వాడకండి.

శుభ్రం

పిప్పి చల్లారాక కుండీల్లో వేయండి, సింకులో వేస్తే గొట్టం పూడుకుంటుంది. రోజూ వేడి నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడిగి బోర్లించి ఆరబెట్టండి. వాసన సబ్బు, పీచు వద్దు. పీచు ముక్కలు చిల్లుల్లో ఇరుక్కుంటాయి.

పదిహేను రోజులకొకసారి ఖాళీ పై గిన్నెలో కుళాయి నీళ్ళు పట్టి చూడండి. అన్ని చిల్లుల నుంచీ జల్లులా పడాలి. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే అక్కడ మూసుకుపోయినట్టు. ఒక చెంచా వంట సోడా వేసిన నీళ్ళలో ఆ గిన్నెను పది నిమిషాలు ఉడికించండి. అప్పటికీ తెరుచుకోకపోతే, స్టీలు ఫిల్టర్ అయితే, పట్టకారుతో పట్టుకుని చిల్లుల అడుగును సన్న మంట మీద ఒక నిమిషం కాల్చండి. ఇరుక్కున్న పొడి మాడి రాలిపోతుంది. చల్లారే దాకా చేత్తో ముట్టకండి, వేడి మీద నీళ్ళు పోయకండి. కళాయి పూత ఉన్న ఇత్తడి ఫిల్టర్‌ని మాత్రం మంట మీద పెట్టొద్దు, పూత కరిగిపోతుంది.

పది మంది వస్తే

సంక్రాంతికి ఇల్లు నిండినప్పుడు ఒకే పెద్ద ఫిల్టర్‌లో కుక్కకండి. రెండు మధ్య రకం ఫిల్టర్లు పెట్టండి, పక్కింటి వాళ్ళని అడిగినా ఇస్తారు. 80:20 పొడి అయితే ఒక్కో దాంట్లో 50 గ్రాముల పొడి, 300 మిల్లీలీటర్ల నీళ్ళు. రెండూ కలిపి 400 దాకా డికాషన్ వస్తుంది, పది కప్పులకు సరిపోతుంది. పాలు ఒక లీటరు, ఇంకో అర లీటరు ప్యాకెట్ చేతిలో ఉంచుకోండి. అందరూ లేవక ముందు అరగంటకు నీళ్ళు పోసేయండి. పంచదార వద్దనేవాళ్ళెవరో ముందే అడిగి, వాళ్ళ గ్లాసులు పక్కన విడిగా పెట్టుకోండి.